ఇంట్లోనే స్టాండప్ జెట్ స్కీ హల్: వైజాగ్‌లో ఎవరైనా చేశారా?

అలల_కుర్రాడు · ఏప్రిల్ 18

నా దగ్గర పాత యమహా సూపర్‌జెట్ ఉంది. 701 సీసీ టూ స్ట్రోక్. నీటి మీద నిలబడి నడిపే బండి ఇది. ఇంజన్, నీళ్లు వెనక్కి చిమ్మి బండిని నెట్టే పంపు బాగున్నాయి, హల్ (ఫైబర్ బాడీ) మాత్రం పోయింది. రాయికి తగిలి ముక్కు పగిలింది, లోపలి ఫోమ్ నీళ్లు పీల్చేసింది, ఇద్దరం పట్టినా లేవట్లేదు. కొత్త హల్ బయటి నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి నా వల్ల కాదు. అందుకే మధురవాడలో మా మేడ మీది రేకుల షెడ్డులో సొంతంగా చేస్తున్నాను. కొలతలు పాతవే: పొడవు 2.24 మీటర్లు, వెడల్పు 68 సెంటీమీటర్లు. అల మీద నుంచి లేవడానికి వీలుగా ముక్కు కొంచెం పైకి లేపి, వెనక నిలబడే ట్రే కాస్త పొట్టి చేయాలని ఉంది.

థర్మోకోల్ దిమ్మలు అతికించి, హాట్ వైర్‌తో కోసి ఆకారం తెచ్చాను. నిన్న పొద్దున్న దాని మీద జీపీ రెసిన్ (మామూలు పాలిస్టర్ రెసిన్) పూస్తే కళ్లముందే కరిగి జానెడు గుంట పడింది. మూడు వారాల పని. పాలిస్టర్ వాడాలా, ఎపాక్సీ వాడాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పెదజాలారిపేట_ఫైబర్ · ఏప్రిల్ 18

తమ్ముడూ, థర్మోకోల్‌కి పాలిస్టర్ రెసిన్ తగలకూడదు. అందులో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ని నీళ్లలో పంచదారలా కరిగించేస్తుంది. ఎపాక్సీకి కరగదు. గుంటలో కొత్త ముక్క అతికించి, మొత్తం మీద పలచటి గ్లాస్ క్లాత్ (గాజు పీచు బట్ట) ఒక పొర ఎపాక్సీతో వేసెయ్. అది గట్టిపడ్డాక ఎపాక్సీలో టాల్క్ పౌడర్ కలిపి పుట్టీ పెట్టుకో. నమూనా తయారవుతుంది.

దాని మీదే హల్ పోసెయ్యకు. ముందు అచ్చు తియ్యి, అచ్చులో హల్ పొయ్యి. ఒక్క బండికి అచ్చెందుకు అంటారు చాలామంది. నమూనా మీదే పోస్తే బయటి వైపు గరుగ్గా వస్తుంది, దాన్ని నున్న చేయడానికి కిలోలకొద్దీ పుట్టీ పడుతుంది. ఆ బరువంతా నువ్వే మోయాలి.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, అందరూ రిపేర్లు పెట్టుకుంటారు. ఈ 61 రోజులూ మాకు ఊపిరి ఆడదు. మనిషి సాయం కావాలంటే నిషేధం ఎత్తేశాక అడుగు, నేనే వస్తాను.

గాంధీగ్రామ్_మాష్టారు · ఏప్రిల్ 19

బాబూ, ఓడలు కట్టే చోట ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నమూనా దగ్గర తొందరపడకు. నమూనాలో ఉన్న ప్రతి సొట్టా అచ్చులోకి, అచ్చులోంచి హల్‌లోకి దిగుతుంది. పలచటి చెక్క పట్టీ, ఒకటిన్నర మీటరుది, నమూనా మీద వంచి పట్టుకుని కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడు. రాత్రి పూట షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, ట్యూబ్‌లైటు ఒక్కటే నమూనా పక్కన అడ్డంగా పట్టుకో. పగలు చేతికి కూడా తెలియని పల్లం నీడగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్‌తో గీత గీసి మర్నాడు పుట్టీ పెట్టు.

బరువు ముందే లెక్కకట్టు. చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు పీచు మ్యాట్ అంతే మేరకి సుమారు కిలో రెసిన్ తాగుతుంది. అంటే ఒక పొర చదరపు మీటరుకి కిలోన్నర దగ్గర, మందం ఒక మిల్లీమీటరు. కింది హల్, పై డెక్ కలిపి నాలుగున్నర చదరపు మీటర్లనుకుంటే పొరకి ఆరున్నర కిలోలు. నాలుగు పొరలకి 26 కిలోలు. చేతిపనిలో రెసిన్ ఎక్కువ పోసేవాడికి ఇదే 35 అవుతుంది. ప్రతి డబ్బా తూకం వేసి పుస్తకంలో రాయి.

కెమిస్ట్రీ_అక్క · ఏప్రిల్ 19

అందరూ కొలతలే చెబుతున్నారు, నేను ఇది చెప్పకుండా ఉండలేను. మన దగ్గర జీపీ రెసిన్‌తో పాటు రెండు సీసాలు ఇస్తారు. ఊదా రంగుది కోబాల్ట్ యాక్సిలరేటర్, నీళ్లలా ఉండేది ఎంఈకేపీ కెటలిస్ట్. ఈ రెండూ నేరుగా ఒకదాన్లో ఒకటి ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే అంటుకుంటుంది, పేలుతుంది కూడా. ముందు యాక్సిలరేటర్ రెసిన్‌లో పూర్తిగా కలిపాకే కెటలిస్ట్ వెయ్యాలి. రెండింటికీ ఒకే కొలత కప్పు, ఒకే పుల్ల వాడొద్దు.

ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా మూత తియ్యకు తమ్ముడూ. పడితే మాత్రం వెంటనే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లు పోసి కడిగి ఆసుపత్రికి వెళ్లు. గుడ్డ మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్నది కొనుక్కో.

అలల_కుర్రాడు · ఏప్రిల్ 20

అక్కా, నిజంగా థాంక్స్. నిన్నటిదాకా రెండింటికీ ఒకటే సిరంజి వాడాను. ఇవాళ దాన్ని పడేశాను.

ఎండకి రెసిన్ పది నిమిషాల్లో జెల్లీ అయిపోతోంది. కెటలిస్ట్ బాగా తగ్గించేయొచ్చా?

పెదజాలారిపేట_ఫైబర్ · ఏప్రిల్ 20

కిలో రెసిన్‌కి 10 ఎంఎల్ కంటే తగ్గించకు. తగ్గిస్తే పైకి గట్టిపడినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగా మిగిలిపోతుంది, ఇక అది ఎన్నాళ్లకీ ఆరదు. తెల్లారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపెయ్. అరకిలో చొప్పున కలుపు, లోతు డబ్బాలో కాకుండా వెడల్పు పళ్లెంలో. కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది.

ఆటోనగర్_పంపు · ఏప్రిల్ 22

ఆలస్యంగా చూశాను. పాత హల్ ముక్కలు చేసేయలేదు కదా? చేయొద్దు! ఫైబర్ పని కంటే కష్టమైనది షాఫ్ట్ లైను. దాని కొలత మొత్తం ఆ పాత హల్‌లోనే ఉంది.

ఇంజన్ క్రాంక్ నుంచి కప్లర్ (రెండు ఇరుసుల్ని కలిపేది), మధ్యలో రబ్బరు డంపర్ (అదురు పీల్చేది), తర్వాత షాఫ్ట్, చివర పంపు. అన్నీ ఒకే గీత మీద ఉండాలి. కొంచెం పక్కకి పోయినా డంపర్ అరిగిపోతుంది. హల్ అడుగున నల్లటి రబ్బరు పొడి కనిపించిందంటే అదే. పట్టించుకోకపోతే బేరింగులు, సీళ్లు వరసపెట్టి పోతాయి.

నేను చేసే పద్ధతి చెబుతాను. పాత హల్‌లోంచి పెట్రోలు ట్యాంకు, ఇంజన్, పంపు తీసెయ్. ఇనుప యాంగ్లర్లతో ఒక ఫ్రేమ్ కట్టి, ఇంజన్ మౌంటు రంధ్రాలకీ, వెనక పంపు బోల్టు రంధ్రాలకీ కలిపి బిగించు. కొలత పట్టి ఉంచే ఈ ఫ్రేమ్‌నే జిగ్ అంటాం. చుట్టూ ఫైబర్ మీద తడి గోనె సంచులు కప్పి, వెల్డింగు చుక్కలు చుక్కలుగా, చల్లారనిస్తూ కొట్టించు. ఒకేసారి కొడితే ఫ్రేమ్ వంగుతుంది. ఆ జిగ్‌ని కొత్త హల్‌లో దించి, మౌంటు కింద అల్యూమినియం ప్లేట్లూ పంపు షూ (పంపు కూర్చునే ముక్క) దానికే బోల్టు చేసి, అప్పుడు చుట్టూ ఫైబర్ వేసి కట్టేయాలి. జిగ్ ఉన్నచోటే ఇంజన్ కూర్చుంటుంది.

పంపు షూ చుట్టూ సందు లేకుండా సీల్ చెయ్. అక్కడ గాలి పీలిస్తే ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు.

అలల_కుర్రాడు · జులై 27

జిగ్ అయింది. నమూనా మీద పదకొండు రాత్రులు ట్యూబ్‌లైటు పట్టుకున్నాను మాష్టారూ. అచ్చు కూడా వచ్చింది, నేలకి పూసే మైనం పాలిష్ ఆరు కోట్లు, పైన పీవీఏ, రెండూ అతుక్కోకుండా.

కానీ హల్ మొదటి ప్రయత్నం పాడైంది. జెల్ కోట్ (అచ్చులో ముందు పూసే రంగు పొర, హల్‌కి బయటి వైపు అదే) మీద మొదటి మ్యాట్ వేసిన అరగంటకి ఎడమ అంచు దగ్గర మొసలి చర్మంలా ముడతలు పడింది. వేలితో నొక్కితే కింద మెత్తగా జారుతోంది. మొత్తం గీకేశాను.

పెదజాలారిపేట_ఫైబర్ · జులై 27

ఆ చోట జెల్ కోట్ పలచబడింది, లేదా పూర్తిగా గట్టిపడకముందే మ్యాట్ వేశావు. పై రెసిన్‌లోని స్టైరీన్ కిందికి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. అర మిల్లీమీటరు మందం ఉండేలా రెండు కోట్లు వెయ్యి. వేలు పెడితే జిగటగా అనిపించాలి, రంగు మాత్రం వేలికి అంటకూడదు. అప్పుడే మ్యాట్. అంచుల దగ్గర మూల మరీ పదునుగా ఉన్నా మ్యాట్ లేచిపోయి గాలి బుడగ మిగులుతుంది. నీ వేలి గుండ్రం పట్టేంత ఒంపు ఉండాలి. వర్షం కురిసేరోజు పెట్టుకోకు. ఆదివారం పొద్దున్నే వస్తాను, ఇద్దరం వేద్దాం.

గాంధీగ్రామ్_మాష్టారు · ఆగస్టు 3

మాట ఇచ్చినట్టే వెళ్లాడట, మా వాడు ఫొటోలు చూపించాడు. రోలర్ కింద తెల్ల మచ్చ (గాలి బుడగ) ఒక్కటి లేదు. చాలా సంతోషం.

డెక్ మూసే ముందు ఫోమ్ సంగతి చూసుకో. లీటరు ఖాళీ సుమారు కిలో బరువుని తేలుస్తుంది. హల్ నిండా నీళ్లు చేరినా ఇంజన్‌తో సహా తేలేంత ఫోమ్ ముక్కులోనూ పక్కల్లోనూ ఉండాలి. నీళ్లు పీల్చని రకమే పెట్టు. నీ పాత హల్ చచ్చింది దానివల్లేగా.

అలల_కుర్రాడు · జనవరి 19

సముద్రం నెమ్మదించేదాకా ఆగాను. హల్, డెక్, ప్లేట్లు, ఫోమ్ కలిపి 38 కిలోలు తూగింది. ముందు భీమిలిలో గోస్తని కలిసేచోట, ఏటి మొగకి లోపల నిలకడ నీళ్లలో, ఇంజన్ బదులు ఇసుక బస్తాలు పెట్టి తేల్చి చూశాం. వెనక రెండు వేళ్ల లోతు ఎక్కువ దిగింది. బ్యాటరీ పెట్టె ముందుకి జరిపాక సరిపోయింది.

నిన్న మంగమారిపేటలో దించాం. ఊరి పెద్దలకి, మెరైన్ పోలీసులకి ముందే చెప్పాం. వలలు ఎటు వేశారో జాలర్లే చూపించారు. హార్బరు, నేవీ వైపు అసలు వెళ్లలేదు. హుడ్ తీసి పెట్రోలు ఆవిరి పోయేదాకా ఆగి, కిల్ స్విచ్ తాడు (పడిపోతే ఇంజన్ ఆపేది) చేతికి కట్టుకుని స్టార్ట్ చేశాను. మొదటి అలకి ముక్కు మునగలేదు. దాని మీదికెక్కింది! ఫైబర్ అన్న ఒడ్డున మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత తెచ్చి హల్‌లో చెయ్యి పెట్టి తడిమాను. రబ్బరు పొడి లేదు. పంపు షూ కుడి మూల దగ్గర మాత్రం చెంచాడు నీళ్లు చేరాయి.

ఆటోనగర్_పంపు · జనవరి 19

చెంచాడైనా వదలకు. పంపు తీసి ఆ మూల ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ సీల్ చెయ్. శనివారం షాపుకి తీసుకురా, కప్లర్ మధ్య సందు కూడా కొలుద్దాం. ఈ హల్‌కి ఎన్ని బోల్టులు సరిగ్గా కూర్చున్నాయో నా కళ్లతో చూడాలని ఉంది.

అలల_కుర్రాడు · జనవరి 20

వస్తాను అన్నా. జిగ్ కూడా తెస్తాను, మీ షాపులోనే ఉంచండి. 701కి హల్ కట్టేవాళ్లు ఎవరొచ్చినా ఇచ్చేయండి. ఏ రంధ్రం ఇంజన్‌ది, ఏది పంపుదో తెలిసేలా ఎర్ర రంగు, పచ్చ రంగు వేసి పెట్టాను.