డబ్బు తీసుకుని పార్టీ వీడియో చేస్తే ఆ సంగతి చెప్పి తీరాలా?

పాతరిపోర్టర్: ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవాళ్ల పేరు, ప్రచురించినవాళ్ల పేరు లేకపోతే ప్రజా ప్రాతినిధ్య చట్టం 127ఏ కింద ఆరు నెలల దాకా జైలు. మరి లక్షల మంది చూసే రీల్‌కి ఏ నియమమూ వద్దా? మొన్న ఎన్నికల్లో మా నియోజకవర్గంలో మూడు అకౌంట్లలో ఒకే డైలాగు, క్యాప్షన్‌లో "అభివృద్ది" అని ఒకే తప్పు. ఎవరో రాసిచ్చి పెట్టించారని తెలిసిపోతూనే ఉంది.

చిన్నఛానల్: మాట్లాడే ముందు లెక్క చెప్పమంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది సార్? సభ కవర్ చేయడానికి వెళ్తే కారు పంపారు, భోజనం పెట్టారు. నేను పెయిడ్ అయిపోయినట్టేనా?

లా_స్టూడెంట్: డబ్బు తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి చెప్పాలని వినియోగదారుల శాఖ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు సరుకులకు, సేవలకే. సోషల్ మీడియా ప్రచారానికి కంటెంట్ చేసిపెట్టినవాళ్లకిచ్చే డబ్బు అభ్యర్థి ఖర్చులో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. పార్టీకి పరిమితే లేదు.

పాతరిపోర్టర్: కారు పంపితే కారు అని రాయండి. ఒక్క లైను.

చిన్నఛానల్: టీ తాగితే?

గుంటూరుకారం: టీ దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ.

పాతరిపోర్టర్: టీ పేరు చెప్పి అమ్ముడుపోయినవాళ్లని వెనకేసుకొస్తున్నారు మీరు.

చిన్నఛానల్: ఆ మాట వెనక్కి తీసుకోండి. రూపాయి తీసుకోకుండా మా ఊరి రోడ్డు మీద వీడియో చేశాను. స్టేషన్‌కి పిలిచి, ఫోన్ లాక్కుని, "ఎవరిచ్చారు డబ్బులు" అని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. మీరు అడిగే రూల్ వస్తే ఆ ప్రశ్నకి చట్టం తోడవుతుంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టు పెడితే జైలు అనే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేశాక కూడా పోలీసులు దాని కింద కేసులు పెట్టారు. డబ్బు సంగతి బయటపెట్టడానికి నాకేం భయం లేదు. అడిగే అధికారం ఎవరి చేతికి పోతుందన్నదే నా భయం.

పాతరిపోర్టర్: అమ్ముడుపోయారన్నది మిమ్మల్ని కాదు. మీకు జరిగింది అన్యాయమే. కానీ డబ్బు తీసుకోని మీకోసం తీసుకున్నవాళ్లందరినీ వదిలేయాలా?

లా_స్టూడెంట్: భారమంతా ఇచ్చినవాళ్ల మీద పెడితే? ఏ ఛానల్‌కి ఎంత ఇచ్చిందో పార్టీయే ప్రకటించాలి.

చిన్నఛానల్: దానికి నేను రెడీ.

పాతరిపోర్టర్: నేను ఒప్పుకోను. పార్టీ ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ ఇంకొకరికి, అక్కణ్నుంచి చేతికి నగదు. ఏ కాగితం మీదా ఛానల్ పేరుండదు. లెక్కలు బయటికొచ్చేసరికి ఓట్లు పడిపోయి ఉంటాయి. చూసేవాడికి చూస్తున్నప్పుడే తెలియాలి.

చిన్నఛానల్: సరే. నేను తీసుకోలేదని చెప్తాను, మా ఎమ్మెల్యే మనుషులు తీసుకున్నాడంటారు. తేల్చేదెవరు? కోర్టు అంటే ఒప్పుకుంటాను. ఎస్సై అంటే ఒప్పుకోను.

పాతరిపోర్టర్: ఎస్సై వద్దు, అంతవరకు నాదీ అదే మాట. ఎన్నికల వేళ కోర్టుకి తీరిక ఎక్కడిది?