జాకీల జతతో ఫ్లాప్‌లో గట్టిగా పెట్టాలా, ఆగి చూడాలా?

టవర్‌క్లాక్ పక్కన (అనంతపురం)
ఆదివారం రాత్రి మా మిద్దె మీద ఏడెనిమిది మంది కూర్చుని నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు ఉండే పోకర్) ఆడతాం. డబ్బు పెట్టం, 1974 గేమింగ్ చట్టం సంగతి అందరికీ తెలుసు. మనిషికి 200 చింతపిక్కలు, బ్లైండ్స్ 1, 2 (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టి తీరాల్సినవి, 2 పెట్టేది బిగ్ బ్లైండ్). డబ్బు లేదు కాబట్టి ఎవరూ ముక్కలు పడెయ్యరు, అసలు సమస్య అదే.

మొన్న నాకు ఇస్పేటు జాకీ, కళావరు జాకీ వచ్చాయి. 8కి పెంచాను. బ్లైండ్స్ ఇద్దరితో కలిపి నలుగురు కాల్ చేశారు (అంతే కట్టి ఉన్నారు), పాట్ (మధ్యలో పోగైన పిక్కలు) 40. ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు): ఆటీను 9, ఆటీను 8, కళావరు 4. ఇంతమంది ఉన్నారని టెన్షన్‌తో 12 మాత్రమే పెట్టాను, ముగ్గురు వచ్చారు, పాట్ 88. టర్న్ (నాలుగో ముక్క) డైమన్ 2, అందరూ చెక్ చేశారు (ఏమీ పెట్టకుండా వదిలారు), నేనూ చెక్ చేశాను. రివర్ (చివరి ముక్క) ఆటీను 6. బిగ్ బ్లైండ్‌లో ఉన్న మామ 60 పెట్టాడు, కాల్ చేశాను. ఆయన చేతిలో ఆటీను 10, 3, అంటే ఫ్లష్ (ఒకే గుర్తువి అయిదు), పాట్ ఆయనదే. రెండూ ఆటీనులే కదా అని మొదట్నుంచీ ఉన్నాడట. నేను ఎక్కడ తప్పు చేశాను?

పెన్నా గట్టు (కడప)
అన్నా, మామ తప్పేమీ ఆడలేదు, ఆయనకు చౌకగా అమ్మింది నువ్వే. ఫ్లాప్‌లో 52 ఉన్న పాట్‌లోకి ఆయన 12 వెయ్యాలి, అంటే నూటికి 19 సార్లు గెలిస్తే చాలు. కనపడని 47 ముక్కల్లో 9 ఆటీనులున్నాయి, టర్న్‌లోనే పడే అవకాశం సరిగ్గా ఆ 19 శాతమే. పైగా టర్న్‌లో నువ్వు చెక్ చేసి రివర్ ముక్క ఊరికే చూపించావు, రెండూ చూస్తే అది 35 శాతం అవుతుంది. 12కి కొనుక్కుని చివర్లో నీ దగ్గరే 60 వసూలు చేసుకున్నాడు.

మనమంతా మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లం, చిక్కంతా అక్కడే ఉందని నా నమ్మకం. అందులో పంచిన క్షణానికే ఎవరిది పెద్దదో తేలిపోయి ఉంటుంది, మంచి ముక్కలొస్తే మెల్లగా ఆడి పాట్ పెంచుకోవచ్చు. ఇక్కడ ఇంకా అయిదు ముక్కలు రావాలి. ఆసుల జతే ఒక్కడి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది, నలుగురి మీదైతే 56కి దిగిపోతుంది. మరి జాకీలు ఎంత? ఫ్లాప్‌లో 30 పెట్టాల్సింది.

బురుజు నీడ (కర్నూలు)
ఒప్పుకోను. నలుగురి మీదికి 30 పెడితే సరదాగా ఉన్నవాడు పోతాడు, సెట్ (ఒకే అంకెవి మూడు) ఉన్నవాడు, రెండు జతలున్నవాడు, ఫ్లష్‌తో పాటు స్ట్రెయిట్ (వరుసగా అయిదు) కూడా చూస్తున్నవాడు ఉంటారు. ఇద్దరు కాల్ చేస్తే పాట్ 130, నీ దగ్గర మిగిలేది 162. ఒక్క జతను పట్టుకుని వెనక్కి రాలేని చోటికి వెళ్లిపోయావన్నమాట. నేనైతే ఫ్లాప్ చెక్ చేసి, టర్న్‌లో చల్లని ముక్క (ఎవరికీ పనికిరానిది) పడితే అప్పుడు గట్టిగా కొడతాను. అప్పటికి ఫ్లష్ చూసేవాడికి ఒక్క ముక్కే మిగిలి ఉంటుంది, వాడి బలం 35 కాదు, 20 లోపే. ఆ సమయంలో వాడు కట్టే ప్రతి పిక్కా మనకు లాభమే.

పెన్నా గట్టు (కడప)
లెక్క బాగానే ఉంది సోదరా, కానీ ఆ చల్లని ముక్క వస్తేనే కదా. మన వైపు నుంచి చూస్తే 11 ఆటీనులు, అవి కాకుండా 9 ఆసులు, రాజులు, రాణులు, మొత్తం 47లో 20 ముక్కలు మనల్ని భయపెట్టేవే. స్ట్రెయిట్ కుదిర్చే 7, 10 పడితే ఏమవుతుందో నేనింకా లెక్కలోకే తీసుకోలేదు. ఇంచుమించు సగం సార్లు నువ్వు అనుకున్న టర్న్ రాదు, ఆ సగంలో నలుగురికీ ముక్క ఉచితంగా ఇచ్చినట్టే. 30 పెడితే మొదట కాల్ చేసేవాడికి 30 శాతం కావాలి, వాడు వచ్చాక రెండోవాడికి కూడా 23 కావాలి. ఇద్దరికీ గిట్టదు.

బురుజు నీడ (కర్నూలు)
గిట్టకపోయినా మీ దగ్గర వస్తారు, చింతపిక్కలే కదా. అందుకే పాట్ పెరిగాక ఎవరో తిరిగి రెయిజ్ చేస్తే (ఇంకా పెంచితే) నువ్వేం చేస్తావో ముందే తేల్చుకో.

కారం దోసె (ప్రొద్దుటూరు)
ఇద్దరూ ఫ్లాప్ దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో ఆడవాళ్లమే ఆరుగురం ఆడతాం, 8కి పెంచితే ఒక్కరూ లేవరు, 14 అంటే ఇద్దరే మిగులుతారు. జాకీలతో ఫ్లాప్‌లో కనీసం ఒక పెద్ద ముక్క పడే అవకాశం 57 శాతం తమ్ముడూ, అది పడకముందే జనాన్ని తగ్గించుకోవాలి. ఇంకొకటి. రివర్‌లో 60 కాల్ చేయడానికి నూటికి 29 సార్లు నువ్వు గెలవాలి. సాయంత్రమంతా చెక్, కాల్ తప్ప ఏమీ చేయని పెద్దమనిషి మూడో ఆటీను పడగానే ముందుకొచ్చి 60 పెట్టాడంటే అన్నిసార్లు గెలుస్తావా? ఫ్లాప్‌లో చేసిన దానికంటే నాకు ఆ కాలే పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

టవర్‌క్లాక్ పక్కన (అనంతపురం)
రివర్ విషయంలో అక్క మాట పూర్తిగా నిజం, మామ ఏడాదిలో ఒక్కసారి కూడా ఉత్తి చేతులతో పెట్టడం చూడలేదు. ఈ ఆదివారం జాకీలు గానీ రాణులు గానీ వస్తే 14కి పెంచి, ఇలాంటి ఫ్లాప్ పడితే పాట్‌లో ముప్పావు పెడతాను. మామ రెయిజ్ చేస్తే మాత్రం అక్కడికక్కడే పడేస్తాను. కర్నూలు అన్న చెప్పినట్టు టర్న్ దాకా ఆగడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు, కానీ పెద్ద ముక్కలు, ఒకే గుర్తువి రెండు లేని పొడి ఫ్లాప్ పడితే అదీ ఒకసారి చేసి చూసి సోమవారం ఇక్కడ రాస్తాను.