డెంగీ కిట్ 98 శాతం నమ్మకం అన్నారు, సగానికి పైగా తప్పాయి. లోపం ఎక్కడ?

దేవరకొండ ల్యాబ్:
నమస్కారం. దేవరకొండలో చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను, పదకొండేళ్లయింది. ఆగస్టు నెలాఖరున చందంపేట వైపు తండాల్లో జ్వరాల శిబిరం పెడితే కిట్లు పట్టుకుని నేనూ వెళ్లాను. ఒళ్లునొప్పులు ఉన్నవాళ్లంతా వచ్చారు. 400 మందికి డెంగీ ఎన్ఎస్1 కార్డు పరీక్ష చేస్తే 14 మందికి రెండో గీత, అంటే పాజిటివ్, కనిపించింది. ఆ 14 నమూనాలనూ నిర్ధారణ కోసం ఎలైజా అనే ల్యాబు పరీక్షకు పంపాం. ఆరే నిలిచాయి, ఎనిమిది నెగెటివ్.

కిట్ పెట్టెలోని కాగితం మీద సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లను పట్టుకునే శాతం) 90, స్పెసిఫిసిటీ 98 శాతం అని ఉంది. ఆ ఎనిమిది మందిలో ఒకాయన ఎలైజా ఫలితం రాకముందే భయపడి నల్లగొండ వెళ్లి, రెండు రోజులు ఆసుపత్రిలో పడుకుని వచ్చాడు. ఇప్పుడు బజారులో కనిపించినప్పుడల్లా "నీ గీత ఖరీదు ఆరు వేలు" అంటాడు. నవ్వుతూనే అంటాడు కానీ గుచ్చుకుంటోంది.

కిట్ పాడైందా? ఈ అంకెలతో దాని సెన్సిటివిటీ నేనే లెక్కగట్టవచ్చా? పెట్టెలు మూడు గంటలు ఎండలో జీపులో ఉన్న మాట నిజం. తిట్టకండి.

లెక్కల సార్, మహబూబ్‌నగర్:
ఎండ సంగతి తర్వాత, ముందు మీ 400 మందిని చూద్దాం. నిజంగా డెంగీ ఉన్నవాళ్లు ఏడుగురు అనుకోండి, లేనివాళ్లు 393. స్పెసిఫిసిటీ 98 అంటే జబ్బు లేని వంద మందిలో ఇద్దరికి గీత ఉత్తపుణ్యానికి వస్తుందని తయారీదారే ఒప్పుకున్నట్టు. 393లో రెండు శాతం ఎనిమిది. ఏడుగురిలో 90 శాతం ఆరు. ఆరూ ఎనిమిదీ పద్నాలుగు. కాగితం మీద రాసినట్టే పనిచేసింది మీ కిట్.

98 అన్నది జబ్బు లేనివాళ్ల వైపు నుంచి లెక్కించిన అంకె. మీ ఆరు వేల పెద్దమనిషి ప్రశ్న వేరు: "గీత వచ్చింది, నాకు జబ్బు ఉన్నట్టా?" దానికి జవాబు 14లో 6, అంటే 43 శాతం. అదీ గట్టి అంకె కాదు. ఉన్నది 14 మందే కాబట్టి విల్సన్ పద్ధతిలో 95 శాతం అవధి, అంటే అసలు అంకె ఉండగల హద్దులు, కడితే 21 నుంచి 67 దాకా సాగుతుంది. ఇదే కిట్‌ను వందలో 30 మందికి డెంగీ ఉన్న వార్డులో వాడితే 27 నిజమైన గీతలు వస్తాయి, తప్పుడువి ఒకటో రెండో.

సెన్సిటివిటీ మాత్రం తేలదు. గీత వచ్చినవాళ్లనే మీరు ఎలైజాకు పంపారు. గీత రాని 386 మందిలో ఎందరు జారిపోయారు? ఒక్కరైతే సెన్సిటివిటీ 86, పదిమందైతే 38. దీన్ని వెరిఫికేషన్ బయాస్ అంటారు. బెగ్, గ్రీన్స్ 1983లో సవరణ సూత్రం ఇచ్చారు, కానీ అది పనిచేయాలంటే నెగెటివ్‌లలో కొందరినైనా పరీక్షించి ఉండాలి. చీటీలు తీసి 50 మందిని పంపారనుకోండి, ఒక్కటీ పాజిటివ్ రాలేదనుకోండి. అయినా ఒక్కటీ రానప్పుడు పై హద్దు అంచనాకు వాడే 'మూడు సూత్రం' ప్రకారం మూడును 50తో భాగిస్తే ఆరు శాతం. 386లో 23 మంది దాకా మిగిలి ఉండవచ్చు.

సూర్యాపేట మైక్రోబయాలజీ:
సార్, మీ లెక్క మరీ బాగా కుదిరింది, నాకు అనుమానం అక్కడే. తమ్ముడూ, మీరు చేయించింది ఏ ఎలైజా? ఎన్ఎస్1 వైరస్ ప్రోటీన్, మొదటి రోజుల్లోనే రక్తంలో దొరుకుతుంది. ఐజీఎం ఆ వైరస్‌కు ఎదురుగా మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో గానీ కనిపించదు. రెండో రోజు రక్తాన్ని ఐజీఎం ఎలైజాకు పంపితే నిజమైన డెంగీ కూడా నెగెటివ్ అనే వస్తుంది. గీటురాయే సరైనది కానప్పుడు బంగారాన్ని తప్పుపట్టి ఏం లాభం? ఎవరికి జ్వరం ఎన్నో రోజో రాసుకున్నారా?

దేవరకొండ ల్యాబ్:
రిజిస్టరు తీశాను మేడం. ఎలైజా రిపోర్టుల మీద ఐజీఎం అనే ఉంది. ఆ ఎనిమిది మందిలో ఐదుగురికి రక్తం తీసింది జ్వరం రెండో రోజో మూడో రోజో. నేనే రాసుకుని నేనే చూసుకోలేదు.

లెక్కల సార్, మహబూబ్‌నగర్:
అయితే నా ఎనిమిది కాకతాళీయం కావచ్చు. ఏడుగురు అన్నది కూడా మీ ఆరు నుంచి వెనక్కి లెక్కగట్టిందే. ఆ ఐదుగురికీ నిజంగా డెంగీ అయితే 14లో 11, అంటే 79 శాతం. లెక్క వేసే ముందు మేడం అడిగింది నేను అడగవలసింది.

సూర్యాపేట మైక్రోబయాలజీ:
శిబిరం జరిగి నెలన్నరే కదా. ఐజీఎం సాధారణంగా రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఆ ఐదుగురి రక్తం మళ్లీ తీసి పంపండి. జీపులో ఉన్న కిట్లను మాత్రం ఇక వాడకండి, పెట్టె మీద ఎన్ని డిగ్రీల దాకా అని ఉందో చూడండి.

దేవరకొండ ల్యాబ్:
30 డిగ్రీలని ఉంది. మిగిలినవి పక్కన పెట్టేశాను. ఆదివారం బయలుదేరుతున్నాను. ఆరు వేలాయనది జ్వరం రెండో రోజు రక్తమే, ముందు ఆయన ఇంటికే వెళ్తాను.