స్కూల్లో ఫీజు రాయితీ ఇంకొంచెం పెంచమని ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాం. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకి చేను మొత్తం పడిపోయింది. దక్కిన ధాన్యం కౌలు బస్తాలకే చాల్లేదు.

మా పాప ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. ఫీజు 42 వేలు. ఏడాది మొదట్లో అడిగితే 5 వేలు తగ్గించారు, అది వాళ్ల మంచితనమే. ఇప్పుడు ఇంకో 10 వేలు తగ్గించమని అడగాలి. తల్లికి వందనం డబ్బులు మొదటి టర్ముకే కట్టేశాం. విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం సీట్లు ఒకటో తరగతిలో చేరే పిల్లలకి, మాకు వర్తించవు.

ముందు క్లాస్ టీచరుకి చెప్పాలా, నేరుగా కరస్పాండెంట్ గారినే కలవాలా? అర్జీతో పాటు ఆదాయ ధ్రువపత్రం పెడతాను. కానీ పంట నష్టం జాబితాలో భూమి యజమాని పేరే ఉంది, అదే నా టెన్షన్. మా నష్టం ఎలా చూపించాలి?

ఈసారి పాపను వెంట తీసుకెళ్లను. పోయినసారి మేం బతిమాలుతుంటే పక్కనే నిలబడి వింది, ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇలా రెండోసారి అడిగి రాయితీ తెచ్చుకున్నవాళ్లు ఉంటే, అర్జీలో ఏం రాశారో దయచేసి చెప్పండి.