ఎచ్చింగ్‌లో లైన్: గీతా, రేఖా?

ఒక సందేహం. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1643లో వేసిన 'మూడు చెట్లు' ఎచ్చింగ్ (రాగిరేకు మీద గీసి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) గురించి రాస్తున్నాను. లైన్‌కి అన్నిచోట్లా 'రేఖ' అనే రాశాను. తిరిగి చదువుకుంటే రేఖాగణితం పాఠంలా ఉంది. 'గీత' అంటే సరిపోతుందా?

—

నా ఓటు గీతకేనండీ. కాకపోతే ఆ బొమ్మకు ఒక్క మాట చాలదు. రాగిరేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో ఆ పూతను మాత్రమే తొలగిస్తూ వేసిన గీతలు ఎక్కువ. సూదికి అడ్డేమీ ఉండదు, కాగితం మీద కలంలా హాయిగా నడుస్తుంది. రాగిని తినేది ఆ తర్వాత యాసిడ్. వీటిని 'గీసినవి' అనొచ్చు. కొన్నిచోట్ల సూదిని నేరుగా రాగి మీదే నొక్కి లాగాడు. అప్పుడు గీత పక్కన రాగి కాస్త పైకి లేస్తుంది, అక్కడ ఇంకు పట్టి అచ్చులో మఖమల్ లాంటి మెత్తని నలుపు పడుతుంది. దీనికి 'గీరడం' ఎంత చక్కగా కుదురుతుందో! గోరుతో గీరితే ఒంటి మీద చార తేలుతుందే, అచ్చం అలాగే. ఇక సన్నటి ఉలితో రాగిని తీసేస్తే అది చెక్కడం.

రేఖను మాత్రం పూర్తిగా వదిలేయకండి. ఎడమవైపు పైన ఏటవాలుగా దిగే వాన, స్కేలు పెట్టి లాగినంత తిన్నగా ఉంటుంది. అక్కడ రేఖే అనాలి. కుడివైపు చెట్ల ఆకుల్లో గీత మెలికలు తిరుగుతుంది, ఒకదాని మీద ఒకటి పడి చిక్కబడుతుంది. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే ఆ తేడా చదివేవాళ్లకి అందదు.

—

థాంక్సండీ. మరి కాంపొజిషన్‌కి 'సంయోజనం' అని రాశాను.

—

'కూర్పు' అనండి. దండ కూర్చడంలో ఉన్న మాటే. దేని పక్కన దేన్ని పెట్టారు, ఎంత ఎడం వదిలారు అన్నది అందులోనే వినిపిస్తుంది. ఇక్కడ చెట్లు మూడూ కుడివైపు గట్టు మీద ఒత్తుగా, నల్లగా నిలబడ్డాయి. ఎడమవైపు పల్లపు నేల, దూరాన ఊరు. అయినా బొమ్మ కుడికి ఒరిగినట్టు అనిపించదు. ఆ వాన, మబ్బులు రెండో పక్క బరువు మోస్తున్నాయి. చెట్ల వెనక ఆకాశాన్ని 'ఖాళీ' అని మాత్రం రాయొద్దు. గీత పడని కాగితమే అక్కడ వెలుగు. 'వదిలిన తెలుపు' అంటే బాగుంటుంది.

ఇంకొకటి, కుడి ఎడమలు అచ్చును బట్టే రాయండి. అచ్చు తీస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కదా, రాగిరేకు మీద ఆ చెట్లు ఎడమవైపు ఉంటాయి.