వంటిల్లు మొత్తం మార్చాలంటే నిజంగా ఎన్నాళ్లు పడుతుంది?

నిజాంపేట వంటిల్లు:
అందరికీ నమస్కారం. మాది 2008లో కట్టిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వంటిల్లు సుమారు పది అడుగులకి ఎనిమిది. ఎల్ ఆకారంలో గట్టు, కింద కడప బండల అరలు, పక్కనే చిన్న వాష్ ఏరియా. సింకు కింద గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉంటుంది, బొద్దింకల మందు ఎంత కొట్టించినా నెల తిరక్కుండా మళ్లీ వస్తున్నాయి. ఇక లాభం లేదని గట్టు, టైల్స్, పైపులు, కరెంటు అన్నీ మార్చి మాడ్యులర్ చేయిద్దామనుకున్నాం. ఒక కంపెనీ వాళ్లు 45 రోజులంటున్నారు, మాకు తెలిసిన కార్పెంటర్ 20 రోజుల్లో అప్పజెప్తానంటున్నాడు, పక్క ఫ్లాట్ వాళ్లకేమో నాలుగు నెలలు పట్టింది. దసరా అయ్యాక మొదలుపెడితే సంక్రాంతికి అయిపోతుందా? పండక్కి మా ఆడపడుచు వాళ్లు వస్తారు. పైగా మా అత్తయ్యగారికి షుగర్, మాతోనే ఉంటారు, ఆవిడకి రోజూ బయట తిండి పెట్టలేం. చేయించుకున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సైటు మనిషి:
చాలా ఏళ్లుగా ఇంటీరియర్ సైట్లు చూసుకుంటున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. మీకు చెప్పిన ముగ్గురూ అబద్ధం చెప్పలేదండీ, ఒక్కొక్కరూ ఒక్కో పని సంగతి చెప్పారు. కార్పెంటర్ చెప్పిన 20 రోజులు ఉన్న గట్టు కింద చెక్కపని చేసి తలుపులు పెట్టడానికి, అంటే పగలగొట్టే పని లేనప్పుడు. కంపెనీ చెప్పిన 45 రోజులు ఫ్యాక్టరీలో తయారవడానికి, అవి మీరు అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి మొదలవ్వవు. టైల్స్, గ్రానైట్ పని పూర్తయి, వాళ్ల మనిషి వచ్చి ఆఖరి కొలతలు తీసుకుని, డిజైన్ మీద మీరు సంతకం పెట్టిన రోజు నుంచి లెక్క. చాలామందికి గొడవ ఇక్కడే వస్తుంది. ముందే కొలతలు తీసుకుని ఫ్యాక్టరీకి పంపేయమని తొందరపెట్టకండి, పాత ఫ్లాట్లలో గోడలు మూలమట్టంగా ఉండవు, ప్లాస్టరింగు, టైల్స్ పడ్డాక అరంగుళం తేడా వచ్చినా డ్రాయరు తెరుచుకోదు.

మీ వంటిల్లు సైజుకి సైటు పని ఇలా నడుస్తుంది. పగలగొట్టడం రెండు రోజులు. తర్వాత గోడల్లో గాడులు కొట్టి పైపులు, కరెంటు లాగడం నాలుగైదు రోజులు. ఆ గాడులు పూడ్చి ప్లాస్టరింగు చేశాక వారం రోజులు నీళ్లు కొట్టి తడపాలి. మనిషి కనిపించడు కాబట్టి పని ఆగిపోయిందని మీకు కంగారు పుడుతుంది కానీ ఆ వారం కుదించకండి. టైల్స్ నాలుగైదు రోజులు, గ్రానైట్ రెండు మూడు రోజులు. అన్నీ వరసగా జరిగితే మూడు వారాలు, నెల అనుకోండి. దాని మీద ఫ్యాక్టరీకి నాలుగు నుంచి ఆరు వారాలు, బిగించడానికి ఇంకో నాలుగైదు రోజులు, చిమ్నీ, పెయింటు టచప్ మరో రెండు రోజులు. మొత్తం రెండున్నర నెలలు.

ఇంకో మాట, దీన్ని గుర్తుపెట్టుకోండి. రెండున్నర నెలలూ మీకు వంటిల్లు లేకుండా పోదు. గ్రానైట్ పడి, సింకుకి నీళ్లొస్తే కింద తలుపులు లేకపోయినా వండుకోవచ్చు, ఇప్పుడు మీరు చేస్తున్నది అదేగా. కాబట్టి అసలు ఇబ్బంది ఆ మొదటి నెలే.

పండగల సంగతి మాత్రం చూసుకోండి. దసరాకి తెలంగాణ జిల్లాల లేబర్ ఊళ్లకి వెళ్తారు, దీపావళి తర్వాత ఛఠ్ పూజకి బీహార్ టైల్స్ పనివాళ్లు వెళ్తారు, సంక్రాంతికి కోస్తా మేస్త్రీలు భోగికి ముందే బస్సెక్కుతారు. మీరు దసరా అయ్యాక గోడ పగలగొడితే సరిగ్గా టైల్స్ వేసే సమయానికి మనుషులు ఉండరు. నా సలహా ఏమిటంటే దసరాలోపు డిజైన్, టైల్స్, గ్రానైట్, సింకు, కుళాయిలు, చిమ్నీ మోడల్ అన్నీ ఖాయం చేసుకుని సామాను తెప్పించి పెట్టుకోండి, ఛఠ్ అయ్యాకే సుత్తి పట్టించండి. అప్పుడు సంక్రాంతికి కొత్త గట్టు మీద వంట చేసుకుంటారు, తలుపులు పండగ తర్వాత వస్తాయి. పండగలోపు మొత్తం అవ్వాలంటే దసరాకి నెల ముందే సైటు పని మొదలవ్వాలి. ఎవరైనా డిసెంబరులో అన్నీ అప్పజెప్తామంటే వారాలవారీగా రాసిమ్మనండి.

డబ్బు సంగతి: కనీసం పది శాతం చివరి తలుపు సరిచేసేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

బెజవాడ అక్క:
మాకు ఈ వేసవిలోనే అయింది, నేను ఇంట్లో బతకడం గురించి చెప్తానమ్మా. దుమ్ము మీరు ఊహించినదానికి పదింతలు ఉంటుంది. వంటింటి గుమ్మానికి మందపాటి ప్లాస్టిక్ పట్టా నాలుగు వైపులా టేపుతో అతికించమనండి, అయినా సరే పూజ గదిలో పటాల మీద, బీరువాలో మడత పెట్టిన చీరల మీద కూడా సన్నటి తెల్లపొడి చేరుతుంది. పగలగొట్టే రెండు రోజులూ మీ అత్తయ్యగారిని దగ్గరి వాళ్లింటికి పంపించండి, ఆ డ్రిల్లింగు మోత పెద్దవాళ్లు తట్టుకోలేరు.

వంటకి హాల్లోనో పడకగదిలోనో ఏసీ పాయింటు దగ్గర గట్టి బల్ల వేసుకుని ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం పెట్టకండి, 2000 వాట్ల స్టవ్‌కి అది వేడెక్కి కరిగిపోతుంది. గ్యాస్ బాల్కనీలో పెట్టుకునే వాళ్లు స్టవ్ నేల మీద పెట్టేసి పక్కన సిలిండర్ నిలబెడతారు, అది ప్రమాదం, స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. పొద్దున్నే అన్నం, పప్పు, ఒక వేపుడు వరకు అయిపోయేవి, సాయంత్రం జొన్నరొట్టెలు, కర్రీ పాయింటు నుంచి ఒక కూర. షుగర్ ఉన్నవాళ్లకి రొట్టె ఇంట్లోనే చేసుకుంటే కాస్త నయం. వాష్ ఏరియా కుళాయి చివరిదాకా కదిలించొద్దని ప్లంబర్‌కి ముందే చెప్పండి, లేకపోతే అంట్లు బాత్రూంలో తోముకోవాలి, నడుములు పడిపోతాయి.

గట్టు ఎత్తు సంగతి ఎవరూ అడగరు, మేస్త్రీ వాడికి అలవాటైన కొలత పెట్టేస్తాడు. మీ ఇంట్లో ఎక్కువ వంట చేసేవాళ్లు నిలబడి మోచెయ్యి మడిస్తే, నేల నుంచి ఆ మోచేతి దాకా ఎంతుందో కొలిచి అందులోంచి నాలుగైదు అంగుళాలు తగ్గించండి. అయిదడుగుల మనిషికి 32 అంగుళాల దగ్గర వస్తుంది, పొడుగ్గా ఉన్నవాళ్లకి 34 దాటుతుంది. దోసెలు పోసేటప్పుడు, పెద్ద గిన్నెలో పులిహోర కలిపేటప్పుడు తేడా భుజాలకి తెలుస్తుంది.

చెక్కపని:
ఒక్క ముక్క. సింకు కింద డబ్బాకి ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన షీటు) ఒప్పుకోకండి, ఎంత తక్కువకిచ్చినా సరే. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై, అంటే మరిగే నీళ్లకి కూడా విడిపోని ప్లైవుడ్ అడగండి, ముద్ర ప్రతి షీటు మీదా ఉంటుంది, కోయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. దానికి ప్రమాణం ప్రకారం 72 గంటల మరిగే నీళ్ల పరీక్ష ఉంది. చెమ్మ ఉన్న గోడకి ఆనించి ఏ చెక్క పెట్టినా మాత్రం పోతుంది, ముందు ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి. మీ బిల్డింగు వయసుకి గోడలో ఇనప పైపు తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా వాష్ ఏరియా నేలలోంచి రావొచ్చు. వాష్ ఏరియాకి వాటర్‌ప్రూఫింగు చేయించి, తూము మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింది ఫ్లాట్ సీలింగు చూసి రండి, ఆ తర్వాతే టైల్స్.

ఫ్రిస్కో నుంచి:
మేం డాలస్ దగ్గరుంటాం, ఇక్కడ కూడా అదే కథ. గట్టు రాయి కొలత కింద క్యాబినెట్లు బిగించాకే తీసుకుంటారు, రాయి కోసి తెచ్చేదాకా వారం రెండు వారాలు గట్టు లేకుండా ఎదురుచూడాలి. కరెంటు, గ్యాస్ లైను జరపాలంటే సిటీ పర్మిట్ ఇంకో ఆలస్యం. చిమ్నీ గాలి బయటికి పోయేలా పెట్టుకోండి, ఫిల్టరుతో మళ్లీ ఇంట్లోకే వదిలేవి మన తాలింపు ముందు పనికిరావు.

సైటు మనిషి:
చిమ్నీ మాట బాగా గుర్తుచేశారు. ఆరంగుళాల రంధ్రం టైల్స్ పడకముందే కోర్ కటింగుతో (గోడ పగలకుండా గుండ్రంగా కోసే మిషనుతో) కొట్టించాలి, బీమ్ జోలికి మాత్రం వెళ్లకూడదు. అలాగే ఓవెన్, డిష్‌వాషర్ ఇప్పుడు కొనకపోయినా 16 ఆంప్స్ పాయింట్లు, నీళ్లు, డ్రైన్ ఇప్పుడే పెట్టించేయండి, తర్వాత కావాలంటే టైల్స్ పగలగొట్టాలి. శిథిలాలు జీహెచ్ఎంసీకి డబ్బు కట్టి పంపించొచ్చు, జీడిమెట్ల, ఫతుల్లాగూడలో వాటి రీసైక్లింగు ప్లాంట్లు ఉన్నాయి, నాలా పక్కన పోసే ఆటోవాడికి ఇవ్వకండి. అసోసియేషన్‌కి ముందే చెప్పి లిఫ్టు, పని వేళలు, నీళ్ల వాల్వు మూసే రోజు రాసుకోండి.

నిజాంపేట వంటిల్లు:
అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా రాశారు. దసరాలోపు సామాను, ఛఠ్ అయ్యాక పని, మా ఆయన కూడా అదే బాగుందన్నారు. ఒక్క సందేహం, పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అతికిస్తే వారం కలిసొస్తుందని ఒకాయన అన్నారు. చేయించొచ్చా?

సైటు మనిషి:
అతికించొచ్చు, దానికి పనికొచ్చే గమ్ములున్నాయి, కానీ సింకు వైపు గోడకి వద్దు. పైపులు ఎలాగూ మార్చాలి కాబట్టి ఆ గోడ పూర్తిగా విప్పాల్సిందే. మిగతా గోడల మీద ప్రతి టైలునీ రూపాయి బిళ్లతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినవి తీసి పూడ్పించి మిగతా వాటి మీద వేయించండి. మందం పెరుగుతుంది కాబట్టి స్విచ్ బోర్డులు, కిటికీ అంచు ముందుకి జరపాలి, అది కూడా రేటులో కలిపి మాట్లాడుకోండి.