విండోస్ 10 గడువు తీరింది, 2011 ల్యాప్‌టాప్‌కి ఇంకా తీరలేదు: ఏం మార్చాలి, ఏం వేయాలి?

పాతసరుకు
రెండో తరం కోర్ ఐ3, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ తిరిగే హార్డ్ డిస్క్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగాయి. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 భద్రతా చిప్ కావాలంటుంది, ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలంటుంది; జాతకాలు కలవవు. బ్రౌజర్, మెయిల్, వీడియోలు, కాస్త టైపింగ్. అంతకు మించి పని లేదు. ముందు ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మార్చాలా, లోపలి భాగాలు మార్చాలా? "కొత్తది కొనండి" అనే సలహా ఒక్కటి వదిలేసి ఏదైనా చెప్పండి.

స్క్రూడ్రైవర్_సీత
ముందు భాగాలే. తిరిగే డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా ఈడుస్తుంది. దాని హెడ్ అటూ ఇటూ కదిలి చదవాలి కాబట్టి సెకనుకు వంద చిల్లర చోట్లకు మించి వెళ్లలేదు. కదిలే భాగాల్లేని సాధారణ సాటా ఎస్ఎస్‌డీ (సాటా అంటే డిస్క్‌ని బోర్డుకు కలిపే పోర్టు) అదే సెకనులో వేల చోట్ల నుంచి తెస్తుంది. పోర్టు పాత సాటా 2 అయినా దిగులు పడక్కర్లేదు. గరిష్ఠ వేగం సెకనుకు 300 ఎంబీకి పరిమితమవుతుంది కానీ బూట్ సమయంలో తేడా తెలిసేది చిన్న చిన్న ఫైళ్ల దగ్గర, అక్కడ ఆ హద్దు తగలదు.

కొనేటప్పుడు మందం చూసుకోండి. పాత ల్యాప్‌టాప్‌ల్లో డిస్క్ కూర్చునే అర 9.5 మిల్లీమీటర్లకు చేసి ఉంటుంది, ఎస్ఎస్‌డీలు 7. మిగిలిన 2.5 మిల్లీమీటర్లకు ప్లాస్టిక్ స్పేసర్ పెట్టకపోతే కనెక్టర్ వదులై, ల్యాప్‌టాప్ కదిపినప్పుడల్లా "డిస్క్ లేదు" అంటుంది.

పాత డిస్క్‌ని క్లోన్ చేసే (ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి నకలు తీసే) ముందు స్మార్ట్ రీడింగ్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తీయండి. 5, 197, 198 నంబర్ల దగ్గర అసలు విలువ సున్నా కాకపోతే ఉపరితలం పాడవుతోందని అర్థం. ముఖ్యంగా 197లో అంకె ఉంటే క్లోనింగ్ మాట మరచి, ముందు కావలసిన ఫైళ్లు బయటికి లాగండి. అవి రాకుండా మొరాయిస్తే పాడైన డిస్క్ నుంచి డేటా లాగే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి, ఎంతవరకు తీసిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇవ్వడం మరవకండి. తేలిగ్గా వచ్చే భాగాలన్నీ మొదట తీసి, మొండి చోట్లకు చివర్లో వెళ్తుంది. మధ్యలో ఆగినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. 199 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ని తిట్టకండి, అది కేబుల్ లేదా కనెక్టర్ తప్పు.

ర్యామ్: ఖాళీ స్లాట్‌లో ఇంకో 4 జీబీ. రెండు స్టిక్కులుంటే డ్యుయల్ ఛానల్ (రెండింటినీ ఒకేసారి చదవడం) పనిచేస్తుంది. మీ గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్ వాడుకుంటుంది కాబట్టి దానికీ లాభమే. మీ తరానికి 1.5 వోల్టుల డీడీఆర్3 సరిపోతుంది, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ పెట్టినా 1.5 మీద నడుస్తుంది. తిరగేస్తేనే తంటా: నాలుగో తరం సన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 మాత్రమే ఇస్తాయి, వాటిలో పాత 1.5 స్టిక్ పెడితే తెర వెలగదు.

నీలితెర
లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఓఎస్) వాళ్లు వచ్చేలోపు విండోస్ తరఫున ఒక మాట. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 మీద ఉంటే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో పొడిగింపులో చేరితే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. రూఫస్ అనే ప్రోగ్రాంతో ఇన్‌స్టాల్ యూఎస్‌బీ చేసి టీపీఎం తనిఖీ తీసేసి విండోస్ 11 కూడా ఎక్కించవచ్చు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ4.2, పాప్‌సీఎన్‌టీ ఆదేశాలు తప్పనిసరి. రెండో తరంలో అవి ఉన్నాయి, కోర్ 2 డ్యుయోలో పాప్‌సీఎన్‌టీ లేదు కాబట్టి దాని మీద బూటే అవదు.

ఎక్కించవచ్చు అన్నాను, ఎక్కించండి అనలేదు. మీ హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్‌కి ఇంటెల్ విండోస్ 11 డ్రైవర్ ఇవ్వలేదు. పైగా ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ మామూలు దారిలో రాదు, ప్రతిసారీ మళ్లీ రూఫస్ దొడ్డిదారే.

టక్స్‌తాత
నీలితెర గారే లినక్స్ ప్రచారం చేసేశారు, నాకు పని తగ్గింది.

8 జీబీ చేస్తే లినక్స్ మింట్ 22, ఏ డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే రూపం) అయినా పర్లేదు. 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ మీదే ఉంటే తేలికైన డెస్క్‌టాప్‌లు ఎక్స్ఎఫ్‌సీఈ లేదా ఎల్ఎక్స్‌క్యూటీతో డెబియన్ 13. "ఏ డిస్ట్రో (లినక్స్ రకం) తేలిక?" అని వారాల తరబడి కొట్టుకుంటారు కానీ డెస్క్‌టాప్‌లో ఆదా చేసిన మూడు నాలుగు వందల ఎంబీని రెండు ట్యాబులు మింగేస్తాయి. మెమరీ తినేది బ్రౌజర్, నింద పడేది ఓఎస్ మీద.

4 జీబీ వాళ్లకు అసలు మందు జెడ్‌ర్యామ్. ర్యామ్‌లో కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (ర్యామ్ నిండితే డేటా సర్దే చోటుగా) వాడుతుంది. డెబియన్‌లో జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, సెట్టింగ్ ఫైల్‌లో అల్గారిథం జెడ్‌స్టాండర్డ్, శాతం 50 అని పెట్టి సర్వీసు రీస్టార్ట్ చేయండి. స్వాపీనెస్ (స్వాప్‌ని ఎంత తొందరగా వాడాలో చెప్పే అంకె) మామూలుగా 60 ఉంటుంది, దాన్ని 100 పైకి తేవచ్చు. స్వాప్ డిస్క్ మీద ఉన్నప్పుడు ఇది చెడ్డ సలహా; ర్యామ్‌లోనే ఉన్నప్పుడు మంచిది. ఎస్ఎస్‌డీ పెట్టాక వారానికోసారి నడిచి, తుడిచిన ఫైళ్ల చోట్లు ఖాళీ అని ఎస్ఎస్‌డీకి చెప్పే (దీన్నే ట్రిమ్ అంటారు) ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు మూడు చోట్ల చేయి కాలుతుంది.

ఒకటి, బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్ పాత పద్ధతి ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి, లేకపోతే ట్రిమ్ దక్కుతుందన్న నమ్మకం లేదు. కానీ విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే ముందు దాన్ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, ఆ తర్వాతే మార్చాలి. నేరుగా మారిస్తే నీలి తెర మీద 0ఎక్స్7బీ లోపం (బూట్ డిస్క్ దొరకలేదని) వస్తుంది.

రెండు, విండోస్ ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా అది సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది.

మూడు, వైఫై. బ్రాడ్‌కామ్ చిప్ అయితే ఇన్‌స్టాల్ తర్వాత వైఫై కనిపించకపోవచ్చు, డ్రైవర్ తేవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆ చిక్కుముడి విడిపోతుంది.

స్క్రూడ్రైవర్_సీత
తాతగారి దానికి నాలుగోది కలుపుతున్నా: బూట్ చేసే యూఎస్‌బీని నల్ల పోర్టులో పెట్టండి. ఆ కాలపు బయోస్‌లు కొన్ని నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి బూట్ చేయవు.

కంచెకాపు
భద్రత మాట ఎవరూ ఎత్తలేదు. "లినక్స్ వేశాను, వైరస్ రాదు" అని నిద్రపోయేవాళ్ల కోసం.

పాత యంత్రం అనగానే ప్రాసెసర్ లోపాలు తలుచుకుని వణుకుతారు. 2018లో బయటపడ్డవాటిలో మెల్ట్‌డౌన్‌ని ఓఎస్ అప్‌డేటే అడ్డుకుంటుంది, స్పెక్టర్‌కి ఇంటెల్ రెండో తరానికి కూడా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి అప్‌డేట్) ఇచ్చింది. తయారీదారు బయోస్ అప్‌డేట్ ఇవ్వకపోయినా లినక్స్ దాన్ని బూట్‌లోనే ఎక్కిస్తుంది, ఇంటెల్-మైక్రోకోడ్ ప్యాకేజీ ఉంటే చాలు. ఆ రక్షణలు ఆపేస్తే వేగం పెరుగుతుందని ఒక బూట్ ఆప్షన్ చక్కర్లు కొడుతుంటుంది. నెట్‌కి తగలని యంత్రంలో మీ ఇష్టం. బ్రౌజర్ నడిచే యంత్రంలో వద్దు, ఎవరిదో జావాస్క్రిప్ట్ మీ ప్రాసెసర్ మీద నడుస్తోందని గుర్తుంచుకోండి.

ఇళ్లలో దెబ్బ తగిలేది ఇంత గొప్ప దారుల్లో కాదు. ప్యాచ్ వేయని ఓఎస్, పాత బ్రౌజర్, "లైట్" పేరుతో ఎవరో కోసి కుట్టిన విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్), దాని తోడు దొంగ లైసెన్స్ ఇచ్చే యాక్టివేటర్. యాక్టివేటర్ అడిగే మొదటి పని యాంటీవైరస్ ఆపమనడం! దొంగే వచ్చి కుక్కని కట్టేయమంటే కట్టేస్తున్నారు. 2017 మే 12న వాన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే పురుగు) ప్రపంచమంతా పాకింది. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ఎక్కువగా పడింది కూడా అందరూ తిట్టే ఎక్స్‌పీ కాదు, ప్యాచ్ వేయని విండోస్ 7. అది పాకిన దారి ఎస్ఎంబీ 1ని (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఇప్పటికీ పాత ప్రింటర్ స్కానర్ కోసమని ఆన్ చేసి మరచిపోయేవాళ్లు ఉన్నారు.

చేయాల్సింది: ఐఎస్ఓ అధికారిక సైటు నుంచే దించి ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్ వేలిముద్ర లాంటి అంకె) సరిచూడండి. భద్రతా అప్‌డేట్లు ఆటోమేటిక్ చేయండి. బ్రౌజర్‌లో ఒక్క ప్రకటన నిరోధకం, మిగతా ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. విండోస్‌లో ఉంటే రెండో యాంటీవైరస్ వద్దు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకటి తెరిచిన ఫైల్‌ని ఇంకొకటి పట్టుకుని కూర్చుంటుంది.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటా మొత్తానికి తాళం) పెట్టేవారికి: రెండో తరం ఐ5, ఐ7ల్లో సాధారణంగా ఉండే ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ లెక్క) ఆదేశాలు ఐ3లో లేవు. ఏఈఎస్ లెక్కంతా మామూలు ప్రాసెసర్ పనిగా జరిగి ఎస్ఎస్‌డీ వేగం సగానికి పైగా పోతుంది. లినక్స్‌లో క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) నడిపి చూడండి, నమ్మకం కుదురుతుంది. లినక్స్ 5.0 నుంచి అడియాంటం అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది, ఇలాంటి ప్రాసెసర్ల కోసమే చేసింది. అది బెంచ్‌మార్క్‌లో ముందుంటే దానితో పెట్టండి.

బిట్‌బిట్
ఇంకా పాతదానికి దారుందా? 2004 పెంటియం ఎం, 1 జీబీ.

టక్స్‌తాత
దారి ఉంది, వెబ్‌కి మాత్రం కాదు. క్రోమ్ 89 నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ3 ఆదేశాలు అడుగుతుంది, పెంటియం ఎం ఎస్ఎస్ఈ2తోనే ఆగింది. డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, 12లో ఉంది. అదీ బూట్‌లో "పీఏఈ (4 జీబీకి మించి ర్యామ్ చూసే సదుపాయం) లేదు" అని ఆగితే ఫోర్స్‌పీఏఈ ఆప్షన్ ఇవ్వండి. ఆ తొలి పెంటియం ఎంలకు పీఏఈ ఉంది, ఉన్నట్టు చెప్పుకోవు, అంతే. ఆ కాలపు డిస్క్ 44 పిన్నుల ఐడీఈ. పాత బయోస్ 137 జీబీకి మించి చూడలేకపోతే బూట్ పార్టిషన్‌ని మొదట్లోనే, ఆ హద్దులోపల పెట్టాలి.

నెట్ తీసేసి పాత ఆటలకో, సీరియల్ పోర్టు పనులకో వాడుకోండి. విండోస్ 98 వేసేటట్టయితే 512 ఎంబీకి మించి ర్యామ్ ఉంటే మెమరీ లేదంటుంది, సిస్టమ్.ఐఎన్‌ఐలో వీక్యాష్ కింద మ్యాక్స్‌ఫైల్‌క్యాష్ గరిష్ఠాన్ని తగ్గించాలి.

నీలితెర
98 అన్నారు కాబట్టి: 95, 98 రెండూ ప్యాచ్ లేకుండా 49.7 రోజులు ఆగకుండా నడిస్తే వేలాడతాయి. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల అంకె అప్పటికి నిండుతుంది. ఈ బగ్ చాలా ఏళ్లు ఎవరి కంటా పడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు, అన్నాళ్లు నిలబడ్డ 95 ముందు దొరకాలి కదా.

పాతసరుకు
సీత గారూ, తాతగారూ, ఎస్ఎస్‌డీ, 8 జీబీ, మింట్ వరకు ఖాయం. రెండు సందేహాలు. వీడియో 1080 దగ్గర ఫ్యాన్ అరుస్తుంది. కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే తేదీ వెనక్కి పోయి ఏ సైటూ తెరుచుకోదు.

స్క్రూడ్రైవర్_సీత
తేదీ సంగతి బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, 3 వోల్టులు. తేదీ వెనక్కి వెళ్తే సైట్ల సర్టిఫికెట్లు "ఇంకా మొదలు కాలేదు" అని బ్రౌజర్ నిరాకరిస్తుంది. జనం వైరస్ అనుకుంటారు. ల్యాప్‌టాప్‌ల్లో అది చాలాసార్లు రెండు వైర్ల ప్లగ్‌తో ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, అదే ప్లగ్ ఉన్నది తెచ్చుకోండి. మార్చాక బయోస్‌లో ఏహెచ్‌సీఐ మళ్లీ చూడండి, సెట్టింగులు తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి.

ఎలాగూ విప్పుతారు కాబట్టి ఫ్యాన్ కూడా. రెక్కలు వేలితో పట్టుకుని గాలి కొట్టండి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ధూళి ఫ్యాన్‌కీ రాగి చీలికల పలకకీ మధ్య చాపలా పేరుకుంటుంది, ఫ్యాన్ విప్పకుండా అది రాదు. హీట్‌సింక్ స్క్రూలు దాని మీద వేసిన అంకెల క్రమంలో బిగించండి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యం గింజంత చాలు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే మాత్రం ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి, గుచ్చొద్దు, నొక్కొద్దు; అడాప్టర్ మీద నడుపుకోండి.

టక్స్‌తాత
వీడియో సంగతి: హెచ్‌డీ 3000కి హెచ్.264 వీడియో విప్పడం వచ్చు, కొత్త వీడియో రకాలు వీపీ9, ఏవీ1 రావు. యూట్యూబ్ ఆ రెండే పంపితే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో యూట్యూబ్‌ని హెచ్.264 పంపమనే హెచ్264ఇఫై ఎక్స్‌టెన్షన్ వేయండి. కంచెకాపు గారు ఈ ఒక్కదానికి క్షమిస్తారు. లినక్స్‌లో వీడియో విప్పే పని గ్రాఫిక్స్‌కి అప్పగించే ఐ965 వీఏ డ్రైవర్ ఉండాలి. కొత్త ఐహెచ్‌డీ డ్రైవర్ ఐదో తరం నుంచే. వీఏఇన్ఫో నడిపి జాబితాలో హెచ్.264 కనిపిస్తే సరే.

కంచెకాపు
క్షమించాను. బయటికి తీసిన 500 జీబీ డిస్క్‌ని ఎవరికైనా ఇచ్చే ముందు ఒక్కసారి మొత్తం సున్నాలతో నింపండి. ఏడుసార్లు రాయాలన్నది పాత కాలపు భయం. 197లో అంకె ఉంటే ఆ చోట్ల రాత పడకపోవచ్చు, అలాంటిది ఇవ్వకండి, పళ్లెం మీద డ్రిల్‌తో రంధ్రాలు చేయండి. ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి చెల్లదు. దాచిన అదనపు బ్లాకుల్లో పాత డేటా మిగులుతుంది. అక్కడ ఎస్ఎస్‌డీ తనంతట తానే మొత్తం తుడుచుకునే సెక్యూర్ ఎరేజ్ ఆదేశమే ఇవ్వాలి. "ఫ్రోజెన్" అని తిరస్కరిస్తే ల్యాప్‌టాప్‌ని ఒకసారి సస్పెండ్ చేసి లేపి మళ్లీ ఇవ్వండి.